బారాలాచా కనుమకు ఇవతలే



హిమాచల్ ప్రదేశ్‌లోని మనాలి నుంచి లద్దాఖ్‌లోని లేహ్ దాకా కొండల మీదుగా పోయే రోడ్డు గురించి ఈ పూట మాట్లాడతాను. పాత దారిన వెళితే దాదాపు 475 కిలోమీటర్లు. కార్లలో వెళ్లేవాళ్లు రెండు రోజుల్లో దాటేస్తారు. గేర్ల సైకిలుకు గుడారం, పరుపు, స్టవ్వు, పనిముట్లు కట్టుకుని, వెనక జీపు లేకుండా, పక్కన తోడు లేకుండా ఆ దారి పట్టేవాళ్లు కూడా ప్రతి వేసవిలో కనిపిస్తారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉంటారు. నా మాటలు ముఖ్యంగా వాళ్ల కోసం. వెళ్లాలని మనసులో ఉన్నా ఇంట్లో ఇంకా చెప్పనివాళ్ల కోసం కూడా.

ఆ ప్రయాణం చేయదగినది. ఒంటరిగా చేయదగినది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తరువాత నేను చెప్పబోయేవన్నీ జాగ్రత్తలే. వాటిని విని ఎవరూ ఆగిపోకూడదు.

వెళ్లదలచినవాళ్లు నన్ను మొదట అడిగేది సైకిలు గురించి. ఏ కంపెనీది, ఎన్ని గేర్లు, టైరు ఎంత వెడల్పు అని. తరువాత కాళ్ల గురించి, రోజుకు ఎన్ని కిలోమీటర్లు తొక్కి అలవాటు పడాలి అని. ఆ తరువాత భయం గురించి. వీటన్నిటికీ జవాబులున్నాయి. ముందు అడగవలసిన ప్రశ్న మాత్రం చాలామందికి తట్టదు. ఒంట్లో బాగోలేకపోతే ఏ చోటు నుంచి కిందికి దిగగలం? ఈ దారిలో ప్రాణానికి పూచీ ఆ ప్రశ్న మీదే ఉంది.

దారి ఎలా ఉంటుందో చెబితే సంగతి తెలుస్తుంది. మనాలి 2,050 మీటర్ల ఎత్తున ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ శిఖరమూ 1,700 మీటర్లు దాటదు. అంటే మన తూర్పు కనుమల కొసకన్నా మనాలి బజారే ఎత్తు. అక్కడ మొదలుపెట్టి 3,978 మీటర్ల రోహ్‌తాంగ్ కనుమ ఎక్కి దిగితే లాహౌల్ లోయ వస్తుంది. 2020 అక్టోబరులో తెరిచిన అటల్ సొరంగం ఈ కనుమ కింద నుంచి తొమ్మిది కిలోమీటర్ల మేర పోతుంది. వాహనాలకు 46 కిలోమీటర్లు తగ్గింది. సైకిలువాళ్లకు మాత్రం పాత రోహ్‌తాంగ్ దారే మేలని నా అభిప్రాయం. పగలు నాలుగు వేల మీటర్ల దాకా వెళ్లి, రాత్రికి కోక్సర్‌లోనో సిస్సులోనో మూడు వేల చిల్లర ఎత్తున పడుకుంటే, ముందు రాబోయేదానికి ఒంటికి మంచి సాధన అవుతుంది.

తరువాత చంద్ర, భాగ నదులు కలిసే తాండీ వస్తుంది. అక్కడి పెట్రోలు బంకు దగ్గర ఒక బోర్డు ఉంది: మళ్లీ బంకు 365 కిలోమీటర్ల తరువాతే. ఆ బోర్డు మోటారు వాహనాల కోసం పెట్టినది. అయినా సైకిలువాళ్లు కూడా అక్కడ ఒక నిమిషం నిలబడి చదివితే మంచిది. తాండీ దాటితే కీలాంగ్, జిస్పా. జిస్పా 3,200 మీటర్లు. నది ఒడ్డున చెట్లు, పొలాలు, మనుషులు ఉంటారు. అక్కడ ఒక రోజు పూర్తిగా ఆగాలి. ఆ తరువాత దార్చా, పట్‌సియో, జింగ్‌జింగ్‌బార్. జింగ్‌జింగ్‌బార్ 4,270 మీటర్లు. ఇక బారాలాచా లా, అంటే బారాలాచా కనుమ. దాదాపు 4,890 మీటర్లు.

ఇక్కడి దాకా ఏ చోట ఒంట్లో తేడా చేసినా సైకిలు వెనక్కి తిప్పితే చాలు. పెడలు కూడా తొక్కనక్కర్లేదు, బ్రేకులు పట్టుకుని దిగిపోవచ్చు. మూడు గంటల్లో జిస్పా చేరతారు.

బారాలాచా దాటాక ఆ వీలు లేదు. అవతల సర్చు 4,290 మీటర్ల ఎత్తున ఉంది. సర్చులో రాత్రి తలనొప్పి ముదిరిందనుకోండి, వెనక్కి పోవాలంటే మళ్లీ బారాలాచా ఎక్కాలి. ముందుకు పోవాలంటే గాటా లూప్స్ అనే ఇరవై ఒక్క మలుపులు ఎక్కి నకీ లా, ఆ తరువాత 5,000 మీటర్లు దాటిన లాచులుంగ్ లా ఎక్కాలి. సరే, అదీ దాటి 4,600 మీటర్ల ఎత్తున ఉన్న పాంగ్ చేరారు. పాంగ్ నుంచి ఇటు లాచులుంగ్ లా, అటు 5,328 మీటర్ల తంగ్లాంగ్ లా. సర్చు నుంచి తంగ్లాంగ్ లా దాకా దిగాలంటే ముందు ఎక్కక తప్పదు. ఊపిరి తీసుకోలేని మనిషికి వైద్యం కిందికి దిగడమే. ఆ వైద్యం ఈ నడిమి ముక్కలో సైకిలు మీద దొరకదు. వాహనం ఎక్కించేవాళ్లు ఉండాలి.

అందుకే అంటున్నాను, ఒంటరిగా పోయే మనిషి తన ఒంటి సంగతి బారాలాచాకు ఇవతలే తేల్చుకోవాలి. జింగ్‌జింగ్‌బార్‌లో ఒక రాత్రి పడుకుని లేచి, తలనొప్పి లేకుండా, ఆకలి సరిగ్గా వేసి, కిందటి రోజు తిన్నది ఒంటబట్టి ఉంటేనే పైకి. లేకపోతే అక్కడే ఇంకో రోజు. అప్పటికీ తగ్గకపోతే జిస్పాకు దిగి, కోలుకున్నాక మళ్లీ పైకి రావచ్చు.

అంత ఎత్తున ఒంట్లో ఏం జరుగుతుందో కొంచెం చెప్పుకుందాం. పైకి పోతే గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. శాతం తగ్గదు. మచిలీపట్నం సముద్రపు ఒడ్డున ఎంతో తంగ్లాంగ్ లా మీదా అంతే, ఇరవై ఒక్క శాతం. తగ్గేది గాలి ఒత్తిడి. లేహ్‌లో సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులు, 5,000 మీటర్ల దగ్గర సగానికి కాస్త పైన. కాబట్టి ఒక్కో ఊపిరికి లోపలికి పోయే ఆక్సిజన్ ఆ మేరకే. దానికి జవాబుగా మనిషి త్వరత్వరగా ఊపిరి తీస్తాడు. అలా తీసేసరికి రక్తంలోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి, రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. అది చూసి మెదడు ఊపిరికి కళ్లెం వేస్తుంది. మూత్రపిండాలు ఆ క్షారాన్ని బయటికి పంపి సర్దుబాటు చేయడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో మూత్రం ఎక్కువగా పోతుంది. నీళ్లు ఎక్కువగా తాగాలి. రాత్రిపూట నిద్రలో ఊపిరి కొన్ని క్షణాలు ఆగి, ఒక్కసారిగా ఎగసి, మెలకువ వస్తుంది. గుడారంలో ఒంటరిగా ఉన్నవాళ్లు దీనికి హడలిపోతారు. అది ఎత్తులో చాలామందికి జరిగేదే, లేచి కూర్చుంటే సర్దుకుంటుంది. ముందే తెలిసి ఉంటే ఆ భయం సగం పోతుంది.

ఈ సర్దుబాటుకు సమయం ఇవ్వక తప్పదు. మూడు వేల మీటర్లు దాటాక, పడుకునే చోటు ఒక రోజుకు అయిదు వందల మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకు ఒకసారి ఒక రోజు ఆగాలని పర్వత వైద్యం తెలిసినవాళ్లు చెబుతారు. పగలు ఎంత ఎక్కారన్నది కాదు, రాత్రి ఎక్కడ పడుకున్నారన్నది లెక్క. జిస్పా నుంచి ఒక్క రోజులో జింగ్‌జింగ్‌బార్ వెళితే వెయ్యి మీటర్లు దాటిపోతుంది. మధ్యలో పట్‌సియో దగ్గరో, దీపక్ తాల్ చెరువు దగ్గరో ఒక రాత్రి గుడారం వేస్తే దాదాపు ఆ లెక్కకు వస్తుంది. కారులో మనాలిలో బయల్దేరి అదే రాత్రి సర్చులో పడుకునేవాళ్లు ఒక్క దెబ్బకు 2,200 మీటర్లు ఎక్కుతారు. ఆ దారిలో ఎక్కువ అవస్థపడేది వాళ్లే. సైకిలు మెల్లగా పోవడమే మందు. కాని ఆ మందును పాడు చేసుకునేవాళ్లు కూడా సైకిలువాళ్లలోనే ఉన్నారు. బాగా తొక్కగలిగినవాళ్లు, కాళ్లలో సత్తువ ఉంది కదా అని రెండు రోజుల దూరం ఒక రోజులో తొక్కేస్తారు. దేహదారుఢ్యం ఉన్నంతమాత్రాన ఎత్తు జబ్బు రాకుండా ఉండదు. ఇది వైద్యులు మళ్లీ మళ్లీ చూసిన విషయం.

దీనికి మన దేశపు చరిత్రే సాక్ష్యం. 1962 యుద్ధ కాలంలోనూ ఆ తరువాతా మైదానాల నుంచి సైనికులను వేగంగా హిమాలయాల మీదికి చేర్చవలసి వచ్చింది. గట్టి శరీరాలున్న కుర్రవాళ్లే చాలామంది జబ్బుపడ్డారు. ఇందర్ సింగ్ అనే సైనిక వైద్యుడు తన సహచరులతో కలిసి 1,925 మంది సైనికుల వివరాలతో 1969లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ఎత్తు జబ్బు మీద ప్రపంచమంతా చదివిన పత్రాల్లో అదొకటి. ఆ సైనికుల బాధలోంచి పుట్టిన జ్ఞానం ఈనాడు సరదాగా సైకిలు తొక్కేవాళ్లకు ఉచితంగా దొరుకుతోంది. దాన్ని పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఒంటరివాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఎత్తు జబ్బు ముదిరితే మెదడు మీద పని చేస్తుంది. బుద్ధి మందగిస్తుంది. నాకేం కాలేదు అనిపిస్తుంది. తోడుంటే వాళ్లు కనిపెడతారు, నీ నడక తేడాగా ఉంది, మాట తడబడుతోంది అని చెబుతారు. ఒంటరిగా ఉంటే చెప్పేవాళ్లు లేరు. కాబట్టి తీర్పు చెప్పవలసిన బుద్ధి బాగున్నప్పుడే, అంటే కింద మనాలిలో ఉన్నప్పుడే, నియమాలు కాగితం మీద రాసుకోవాలి. తలనొప్పి, వాంతి కలిసి వస్తే ఎక్కను. ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తే, దగ్గు ఆగకపోతే, ఎంత రాత్రయినా సాయం అడిగి దిగుతాను. ఆ కాగితం హ్యాండిల్ సంచీలో ఉండాలి. పొద్దున్నే లేచి, ఒక కాలి మడమకు రెండో కాలి వేళ్లు ఆనించి తిన్నగా పది అడుగులు వేయాలి. తూలకుండా వేయగలిగితే బయల్దేరవచ్చు. తూలితే అది మెదడు వాపుకు సూచన కావచ్చు. డయామాక్స్ అనే మాత్ర ఉంది. డాక్టరును అడిగి, వారు చెప్పిన మోతాదులోనే వాడాలి. మాత్ర వేసుకున్నాం కదా అని ఒక రోజు విశ్రాంతి తగ్గించుకోవడం తప్పు.

సైకిలు సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే బజారులో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. బరువుతో ఎక్కడానికి అతి చిన్న గేరు ఉండాలి, కాళ్లు మెల్లగా తిరుగుతున్నా ఆగకుండా తిరగాలి. అంత ఎత్తున మనిషి చేయగల పనిలో సుమారు మూడో వంతు తగ్గుతుంది. గంటకు అయిదారు కిలోమీటర్లు పోతే అది మంచి వేగమే, దిగి నెట్టుకుంటూ పోయినా నామోషీ కాదు. బ్రేకు ప్యాడ్లు, చైను లింకులు, రెండు మూడు ట్యూబులు, ఒక టైరు తప్పనిసరి. కీలాంగ్ దాటితే లేహ్ దాకా సైకిలు షాపు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. తంగ్లాంగ్ లా నుంచి రుమ్‌త్సేకు దిగేటప్పుడు వెయ్యి మీటర్లకు పైగా ఏకధాటిగా దిగుడు. ఎక్కేటప్పుడు పట్టిన చెమట చల్లబడి, చలిగాలికి వేళ్లు కొయ్యబారి బ్రేకు లీవరు మీద పట్టు చిక్కదు. మంచి గ్లౌజుల ఖర్చు దగ్గర వెనకాడవద్దు.

మన అరకు ఘాటు రోడ్డులోనో శ్రీశైలం ఘాటులోనో సాధన చేసేవాళ్లున్నారు. చాలా మంచిది. అక్కడ కాళ్లకు శిక్షణ దొరుకుతుంది, ఊపిరికి దొరకదు. ఊపిరికి శిక్షణ ఆ కొండల మీద మెల్లగా గడిపే రోజుల్లోనే.

వాగుల గురించి ఒక మాట. ఎండ ఎక్కేకొద్దీ మంచు కరుగుతుంది. పొద్దున మోకాలి కింద పారే వాగు మధ్యాహ్నానికి తొడల దాకా వచ్చి, రోడ్డు మీద రాళ్లను దొర్లిస్తుంది. గాలి కూడా అంతే, పొద్దున నిద్రపోతుంది, మధ్యాహ్నం లేస్తుంది. పాంగ్ దాటాక వచ్చే మోరే మైదానం 4,700 మీటర్ల ఎత్తున నలభై కిలోమీటర్ల పొడవున బల్లపరుపుగా ఉంటుంది. చాంగ్‌పా పశువుల కాపరులు పష్మీనా మేకలను తోలుకుపోతూ కనిపిస్తారు, దూరంగా కియాంగ్ అనే అడవి గాడిదల మందలు పరుగెత్తుతుంటాయి. పొద్దున ఆరింటికి ఆ మైదానంలో సైకిలు తొక్కడం కన్నా గొప్ప ఆనందం నాకు తెలియదు. అదే మైదానంలో మధ్యాహ్నం రెండింటికి ఎదురుగాలి మొదలైతే, చదునైన రోడ్డు మీద కూడా ఎక్కుతున్నట్టే ఉంటుంది. కాబట్టి తెల్లవారకముందే లేవడం, ఒంటిగంటకల్లా చేరవలసిన చోటికి చేరడం అలవాటు చేసుకోవాలి.

ఒంటరి ప్రయాణం అంటున్నాం గాని, ఆ దారిలో మనిషిని నిలబెట్టేది ఇతరులే. ఐర్లండ్ రచయిత్రి డెర్వ్లా మర్ఫీ జీవితం చూడండి. పదో పుట్టినరోజుకు ఆమెకు ఒక పాత సైకిలు, ఒక అట్లాసు కానుకగా వచ్చాయి. సైకిలు మీద ఇండియా వెళతానని అప్పుడే నిశ్చయించుకుంది. 1963 జనవరిలో, ఐరోపా అంతా మంచులో మునిగి ఉండగా బయల్దేరి, ఇరాన్, అఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ మీదుగా, నాలుగు వేల మీటర్లు దాటిన బాబుసర్ కనుమ కూడా దాటి ఢిల్లీ చేరింది. రోజ్ అని తన సైకిలుకు పేరు పెట్టుకుంది. ఆ ప్రయాణం మీద 1965లో వచ్చిన ‘ఫుల్ టిల్ట్’ అనే పుస్తకంలో ఆమె సాహసం కన్నా దారి పొడవునా ఆమెకు అన్నం పెట్టి పడక ఇచ్చిన ఇళ్లే నాకు ఎక్కువగా గుర్తున్నాయి. 2022లో, తొంభై ఏళ్ల వయసులో ఆమె కన్నుమూసింది. ఒంటరిగా వెళతానంటే ఇంట్లో ఒప్పుకోని ఆడపిల్లలకు ఆ పుస్తకం చదవమని చెబుతుంటాను.

మనాలి–లేహ్ దారిలో ఆ ఇళ్ల స్థానంలో గుడారాలున్నాయి. పారాచూట్ గుడ్డతో వేసిన ధాబాలు. లోపల చుట్టూ పరుపులు, రజాయిలు, మధ్యలో స్టవ్వు. అయిదు వేల మీటర్ల దగ్గర నీళ్లు ఎనభై మూడు డిగ్రీలకే మరుగుతాయి, మామూలు గిన్నెలో అన్నం ఉడకదు. అందుకే ప్రతి ధాబాలో ప్రెషర్ కుక్కరు కూత వినిపిస్తుంది. రాజ్మా అన్నం పెడతారు, వెన్న వేసిన ఉప్పు టీ ఇస్తారు. ఆ ధాబాలను చాలా మటుకు ఆడవాళ్లే నడుపుతారు. పాంగ్‌లో ఒక దీదీ నన్ను చూడగానే తోడెవరని అడిగింది. ఎవరూ లేరన్నాను. ఆ రాత్రి తన పరుపు నా పరుపు పక్కకు జరుపుకుంది. మధ్యలో లేచినప్పుడల్లా, తల నొప్పిగా ఉందా అని అడిగింది. నేను కాగితం మీద రాసుకున్న నియమాలు ఆమెకు రాయకుండానే తెలుసు. ధాబా చేరగానే చేయవలసిన మొదటి పని అదే. ఎక్కడి నుంచి వచ్చాం, రేపు ఎక్కడికి పోతాం, నేను ఒంటరిని, రాత్రి నన్ను ఒకసారి చూడండి అని నోరు తెరిచి చెప్పాలి. ఆ దారిలో చాలా మేర ఫోను పనిచేయదు. మీ సంగతి ఒక ధాబా నుంచి ఇంకో ధాబాకు లారీ డ్రైవర్ల నోట చేరుతుంది.

ఆ రోడ్డును నిలబెట్టేవాళ్ల గురించి చెప్పకుండా ఈ ప్రసంగం ముగించలేను. 1960లో ఏర్పడిన సరిహద్దు రోడ్ల సంస్థ ఆ రోడ్డును చూసుకుంటుంది. దాని కింద పనిచేసే కూలీలు ఎక్కువగా జార్ఖండ్, బీహార్, నేపాల్‌ల నుంచి వస్తారు. మనం విశ్రాంతి రోజులు లెక్కపెట్టుకుంటూ మెల్లగా చేరే ఎత్తులో వాళ్లు వేసవి అంతా రాళ్లు కొడతారు, తారు మరిగిస్తారు, ముఖాలకు గుడ్డలు చుట్టుకుని ఆ పొగలోనే నిలబడతారు. కొందరు పిల్లలను కూడా వెంట తెచ్చుకుంటారు. కనుమ మీద బోర్డు దగ్గర ఫోటో తీయించుకునేవాళ్లలో ఎంతమంది ఆ మనుషులతో మాట్లాడి ఉంటారో నాకు అనుమానమే. మీరు సైకిలు మీద పోతున్నారు కాబట్టి వాళ్ల ముఖాలు మీకు కనిపిస్తాయి. ఆగండి. ఊరు ఏదని అడగండి. మీ దగ్గరున్న బిస్కెట్లు, సన్‌స్క్రీన్, అదనంగా ఉన్న గ్లౌజులు ఇవ్వండి. ఎత్తు పెరిగేకొద్దీ ఎండలోని అతినీలలోహిత కిరణాలు బలపడతాయి, వాళ్ల చర్మం పగిలి ఉంటుంది.

చివరగా, విమానంలో నేరుగా లేహ్ వెళ్లి రెండో రోజే ఖర్దుంగ్ లా అనే కనుమ ఎక్కాలనుకునేవాళ్లకు ఒక మాట. ఢిల్లీ నుంచి గంటన్నరలో 3,500 మీటర్లకు చేరిన ఒంటికి కనీసం రెండు రోజుల పూర్తి విశ్రాంతి కావాలి. ఖర్దుంగ్ లా మీద 18,380 అడుగులని ఏళ్ల తరబడి బోర్డు ఉండేది. కొలిస్తే దాదాపు 5,359 మీటర్లు, అంటే 17,600 అడుగుల లోపే అని తేలింది. బోర్డు మీది అంకె కోసం ప్రాణం పణంగా పెట్టవద్దు.

దారి మామూలుగా జూన్ నాటికి పూర్తిగా తెరుచుకుంటుంది, అక్టోబరులో మంచు మొదలవుతుంది. తొక్కే రోజులు, ఆగే రోజులు కలిపి రెండు వారాలు చేతిలో ఉంచుకోండి. రెండు వారాల సెలవు దొరక్కపోతే ఈ ఏడాది కీలాంగ్, జిస్పాల దాకా తొక్కి, లాహౌల్ లోయ చూసి వెనక్కి రండి. బారాలాచా అవతలికి వచ్చే ఏడాది, రెండు వారాలు చేతిలో పెట్టుకుని వెళ్లండి.